అంకాపూరు పసుపు పీపా

అంకాపూరు వెళ్ళివచ్చానని చెబితే మా కళాశాల అధ్యాపకుల గదిలో ఎవరైనా అడిగే ప్రశ్న ఒక్కటే: "కోడికూర ఏదండీ?" అని. పాపం, వారి తప్పేమీ లేదు. నిజామాబాదు జిల్లాలో ఆర్మూరును ఆనుకుని ఉన్న ఆ పల్లె పేరు దేశవాళీ కోడికూర మూలంగానే నలుగురి నోళ్ళలోనూ నానుతున్నది. ముందుగా ఫోను చేసి చెబితే చాలు, కోడిని కోసి, పసుపు పట్టించి, కాల్చి, నూరిన మసాలాతో వండి, అన్నంతో సహా మూటకట్టి చేతికిస్తారు. హైదరాబాదు నుంచి కార్లు వేసుకుని వచ్చి మరీ పట్టుకుపోయేవారున్నారు. నేను మాత్రం ఈసారి అంకాపూరు నుంచి కూర తేలేదు. తెచ్చింది ఒక చప్పుడు. ఆ చప్పుడు సంగతే ఈ నాలుగు పేజీలూ.

మా అక్కయ్యను అంకాపూరు ఇచ్చి పాతికేళ్ళు దాటింది. ఫిబ్రవరి నెలలో ఒక రాత్రి ఆమె ఫోను చేసింది. "తమ్మీ, నువ్వొక్కసారి వచ్చిపో. తండ్రీ కొడుకులు రెండు నెలల సంది మాట్లాడుకుంటలేరు. నడుమ నేను తపాలా బంట్రోతు లెక్క అయిన. వాడు ఎవ్వరి మాటా వింటలేడు. నువ్వు సారువు గదా, నీ మాట వింటడు" అన్నది.

సంగతేమిటంటే, మా మేనల్లుడు ఇంజనీరింగు చదివాడు. హైదరాబాదులో ఏడాదిపాటు ఉద్యోగం కూడా వెలగబెట్టాడు. ఆ ఏడాదిలో సంపాదించిన దానితో ఒక గిటారు కొన్నాడు. అదీ నాలుగే తీగెలున్న గిటారు! తనవంటి మరి ముగ్గురిని పోగుచేసి ఒక జట్టు కట్టాడు. ఇప్పుడు ఉద్యోగం మానుకుని ఇంటికి వచ్చి, స్టూడియోలో ఒక ఆల్బం రికార్డు చేయాలి, లక్షా ఇరవై వేలు కావాలి అని కూర్చున్నాడు. తండ్రి అడిగాడట: "పాటలెవరు పాడుతరు?" అని. "ఎవరూ పాడరు బాపూ, ఉత్త వాయించుడే" అన్నాడట కొడుకు. "పాట లేని పాటకు పైసలెందుకురా?" అని తండ్రి లేచి పొలానికి పోయాడు. అంతటితో ఆ ఇంట్లో మాటలు బందు.

నిజం చెప్పవద్దూ, నేను బయలుదేరినప్పుడు పూర్తిగా బావ పక్షాన్నే ఉన్నాను. ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పి బ్రతుకుతున్నవాణ్ణి. సంగీతమనేది సాహిత్యానికి తొడిగిన చొక్కా అని నా అభిప్రాయం. మనిషి లేకుండా చొక్కాను దండెం మీద చూసి ఆనందించేవారుంటే ఉండవచ్చు గాని, వారిలో నేను లేను.

శుక్రవారం మధ్యాహ్నం కరీంనగరులో బస్సెక్కాను. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటేసరికి గాలి వాసన మారింది. అది పసుపు వాసన. మనం కూరలో వేసుకునే పొడి వాసన కాదు సుమండీ! తడిమన్ను, ఉడికిన దుంప, ఎండిన ఆకు కలిసిన ఒక ఘాటైన వాసన. జూన్‌లో నాటిన పసుపు తొమ్మిది నెలలు భూమిలో ఉండి, జనవరి నుంచి మార్చి లోపల బయటికి వస్తుంది. ఆ రోజులలో ఈ దారి పొడుగునా కళ్ళాలు బంగారపు చాపలు పరచినట్లుంటాయి. ఎదురుగా ఆర్మూరు సిద్ధుల గుట్ట నల్లని బండలు దొంతరలుగా పేర్చుకుని నిలబడి ఉన్నది. నవనాథ సిద్ధులు తపస్సు చేసిన చోటని పెద్దలు చెబుతారు. నవనాథపురమని ఈ ఊరికి పాతపేరు. తొమ్మిదిమంది సిద్ధులూ మౌనంగానే తపస్సు చేసి ఉంటారు. ఆ సమయంలో ఆ ఆలోచన నాకు రాలేదు గాని, తరువాత వచ్చింది.

బస్టాండులో మేనల్లుడు కారుతో సిద్ధంగా ఉన్నాడు. "మంచిగున్నవా మామా?" అని సంచీ అందుకున్నాడు. కారు కదిలిందో లేదో ఏదో మీట నొక్కాడు. గుండెల క్రింద ఎవరో బరువైన అడుగులు వేస్తున్నట్లు ఒక మోత మొదలయింది. నాలుగడుగులు ముందుకు, ఒక మలుపు, మళ్ళీ అదే నాలుగడుగులు. ఎంతసేపటికీ పాట మొదలు కాదే!

"పల్లవి ఎప్పుడొస్తుందిరా?" అన్నాను.

"ఇదే పల్లవి మామా" అని నవ్వాడు.

అంకాపూరు ఎంతో దూరం లేదు. నిజామాబాదు దారిలో కూతవేటు. ఊరి మొగదల రోడ్డు ప్రక్కనే నిప్పుల మీద మక్క కంకులు కాలుస్తూ ఆడవాళ్ళు వరుసగా కూర్చుని ఉంటారు. అక్కడ కారు ఆపాడు. తలుపులు తీసే ఉంచాడు. మేము చెరొక కంకి ఒలుచుకు తినడం పూర్తయింది. పాట పూర్తి కాలేదు. పదిహేను నిమిషాల పైచిలుకు ఉన్నదట ఆ ఒక్క వాయింపు! దాని పేరుకు అర్థం ఊసరవెల్లి అని చెప్పాడు. ఆ పేరు పెట్టినవాడెవరో గాని సమర్థుడే. ఎక్కడా ఆగినట్లు లేదు, ఎక్కడ రంగు మారిందో తెలియదు, కాని చివరకు వచ్చేసరికి మొదట విన్నది కాదు.

ఆ రికార్డు పేరు హెడ్ హంటర్స్. 1973లో అమెరికాలో హెర్బీ హాంకాక్ అనే నల్లజాతి పియానో విద్వాంసుడు, మరి నలుగురితో కలిసి చేసినది. అందులో ఉన్నవి నాలుగే వాయింపులు. ఈ హాంకాక్ 1940లో షికాగోలో పుట్టాడు. పదకొండేళ్ళకే ఆ నగరపు పెద్ద వాద్యబృందంతో కూర్చుని మొజార్టు సంగీతం వాయించాడు. ఇరవై మూడో ఏట మైల్స్ డేవిస్ అనే మహా విద్వాంసుని జట్టులో చేరాడు. అంతటి చదువూ చదివినవాడు, జనం కాళ్ళూ చేతులూ ఊగే వీధిలయను కావాలనుకుని, జాజ్ సంగీతానికి ఫంక్ అనే ఆ లయను జోడించాడు. పండితులు కొందరు ముక్కు మీద వేలు వేసుకున్నారు. జనం మాత్రం పది లక్షలకు పైగా రికార్డులు కొనుక్కున్నారు. తరువాత 2007లో అమెరికా జాతీయ గ్రంథాలయం దానిని భావితరాల కోసం భద్రపరచవలసిన ధ్వనుల పట్టికలో చేర్చింది.

"ఇంకొకటి విను మామా" అని రెండవ వాయింపు పెట్టాడు. మొదట్లో ఎవరో సీసాలో ఊదుతున్నట్లు వినబడింది. నిజంగా సీసాయేనట! మధ్య ఆఫ్రికా అడవులలోని పిగ్మీల ఊదుడు పద్ధతిని అనుకరిస్తూ, తాళవాద్యగాడు ఖాళీ సీసా మూతిలో ఊదాడట. ఆ వాయింపు పేరుకు పుచ్చకాయలవాడు అని అర్థం. హాంకాక్ చిన్నతనంలో షికాగో సందులలో గుర్రపు బండి మీద పుచ్చకాయలమ్మేవాడు వచ్చేవాడు. రాళ్ళు పరచిన బాట మీద ఆ బండి చక్రాల చప్పుడు అతని చెవిలో నిలిచిపోయింది. అరుగుల మీది ఆడవాళ్ళు అతణ్ణి కేకవేసి పిలిచే తీరు నుంచి వరస పుట్టింది. 1962లో తన మొదటి రికార్డులో దానిని ఒకసారి వాయించాడు. పదకొండేళ్ళ తరువాత మళ్ళీ ఇట్లా మార్చి వాయించాడు.

నేను కంకిబూరు అవతల పారవేసి, "బాగానే ఉంది గాని, ఆ పుచ్చకాయలవాడి కథ నువ్వు చెప్పావు కనుక నాకు తెలిసింది. ఆ వాయింపు చెప్పలేదు. కథ చెప్పడానికి మాట కావలసివచ్చింది గదా!" అన్నాను. తరగతిలో విద్యార్థిని పట్టుకున్నంత ఆనందం కలిగింది.

వాడు తడబడలేదు. "మామా, మీ ఇంట్ల మాండొలిన్ శ్రీనివాస్ క్యాసెట్లు ఉండె గదా? నువ్వు రోజు వింటుంటివి. అందుల మాటలెక్కడున్నయి?" అన్నాడు.

"త్యాగరాజస్వామి మాటలున్నాయి. అతను తీగె మీద వాయిస్తాడు, మనం మనస్సులో పాడుకుంటాము" అన్నాను.

"మరి 1983ల ఆయన బెర్లిన్ జాజ్ ఉత్సవంల వాయిస్తే విన్నోళ్ళు ఏం పాడుకున్నరు మామా? వాళ్ళకు తెలుగు రాకపాయె."

నేను కారెక్కాను. కొన్ని ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పకపోవడమే పెద్దరికం.

ఆ రాత్రి అక్కయ్య ఇంట్లో భోజనాల వేళ నిశ్శబ్దం ఎంత గట్టిగా ఉన్నదంటే, మజ్జిగ పోసుకుంటే ఆ చప్పుడు వినబడింది. "ఆయనకు కూర ఇంకింత కావాల్నేమో అడుగమ్మా" అని కొడుకు. "వానికి తెల్లారి నీళ్ళ మోటరు వేసేది ఉన్నదని చెప్పు" అని తండ్రి. ఇద్దరూ ఎదురెదురుగా మూరెడు దూరంలో కూర్చున్నవారే. మాటల మీద బ్రతికే నాకు, మాట కరువైన ఇల్లు ఎట్లా ఉంటుందో ఆ రాత్రి తెలిసింది.

మేడమీద పడుకున్నానే గాని నిద్రపట్టలేదు. శ్రీనివాస్ సంగతే మనసులో తిరుగుతున్నది. పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసుడు. ఇంట్లో ఉన్న మాండొలిన్ ఆరేళ్ళ పిల్లవాడి చేతికి చిక్కింది. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగె మీద పలికించేవాడు. అంటే ప్రతి దినమూ ఆ ఇంట్లో మాట నాదంగా మారుతూ ఉండేదన్నమాట! పరదేశపు వాద్యం, జంట తీగెలు, గమకం పలకదు. జంటలు తీసివేసి అయిదు ఒంటితీగెల విద్యుత్ మాండొలిన్ చేయించుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేశాడు. బెర్లిన్‌లో వాయించేనాటికి పద్నాలుగేళ్ళవాడు.

ప్రొద్దున మేనల్లుడు చెప్పిన మరొక సంగతి మరీ విచిత్రమైనది. మైల్స్ డేవిస్ 1969 ఫిబ్రవరి 18న న్యూయార్కులో ఒక రికార్డు చేశాడట. నిశ్శబ్దపు తీరు అని అర్థం వచ్చే పేరు దానికి. అందులో ఒక పియానో మీద ఈ హాంకాక్ ఉన్నాడు. గిటారు మీద జాన్ మెక్లాఫ్లిన్ ఉన్నాడు. సరిగ్గా పదిరోజులకు పాలకొల్లులో శ్రీనివాస్ పుట్టాడు. ముప్ఫై ఏళ్ళ తరువాత అదే మెక్లాఫ్లిన్, తన శక్తి బృందంలో తన ప్రక్కన శ్రీనివాస్‌ను కూర్చోబెట్టుకున్నాడు. ఆ తరువాత 2007లో మెక్లాఫ్లిన్ చెన్నపట్నం వచ్చి, మన దేశపు వాద్యగాళ్ళను పోగుచేసి, స్టూడియోలో ఫ్లోటింగ్ పాయింట్ అనే ఆల్బం చేశాడు. అందులో శ్రీనివాస్ తమ్ముడు రాజేశ్ మాండొలిన్ ఉన్నది. 2008లో విడుదలయిన ఆ ఆల్బం గ్రామీ బహుమానానికి పోటీలో నిలిచింది. పాలకొల్లు బ్యాండు ఇంటి మాండొలిన్ ఎక్కడ, ఆ లోకం ఎక్కడ! శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయాడు. ఆనాడు నేను తరగతిలో పాఠం చెప్పలేకపోయాను. ఆ సంగతి ఇప్పుడు గుర్తుకు వచ్చి లేచి కూర్చున్నాను. మాట లేని సంగీతం నాకు ఏమీ కాకపోతే, ఆ రోజున నాకు మాట ఎందుకు రాలేదు?

తెల్లవారకముందే అక్కయ్య లేపింది. "సంతకు పోదాం రా" అన్నది. అంకాపూరు కూరగాయల సంత చూడవలసినదే. వంకాయలు, టమాటాలు, మక్క కంకులు, ఆకుకూరలు గంపలలోనూ ఆటోలలోనూ వచ్చి దిగుతాయి. పండించేది ఎవరైనా సంతలో పెత్తనం ఆడవాళ్ళది. ధర చెప్పేదీ, దించేదీ, పైసలు లెక్కబెట్టి కొంగున ముడివేసేదీ వారే. నడుమ ఎవరైనా మగవాడు తగుదునమ్మా అని ధర చెప్పబోతే, "నువ్వు జరగు" అని ప్రక్కకు నెట్టడం నేను కళ్ళారా చూశాను. ఈ ఊరి మేడలు, విత్తన గోదాములు చూసి పట్టణమేమో అని భ్రమపడేవారుంటారు. ఇక్కడి జొన్న, మక్క, సజ్జ విత్తనం ఎన్నో రాష్ట్రాలకు పోతుంది. ఎర్రజొన్న విత్తనాన్ని ఉత్తరాదివారు పశువుల మేత కోసం కొనుక్కుపోతారు. గోదావరి మీద పోచంపాడు ఆనకట్టకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిన చోటు ఇక్కడికి దగ్గరే. కాని నీళ్ళున్న ఊళ్ళన్నీ అంకాపూరులు కాలేదు. ఏది వేస్తే ఏది అమ్ముతుందో రచ్చబండ మీద కూర్చుని లెక్క వేసుకునే అలవాటే ఈ ఊరి అసలు నీరు.

సంతలో నిలబడి కళ్ళు మూసుకున్నాను. మేనల్లుడి పుచ్చకాయలవాడు ప్రయోగం అన్నమాట! "రా అమ్మా రా, లేత వంకాయ" అని ఒక గొంతు పైకి లేస్తుంది. దానికి అడ్డంగా ఇంకొక గొంతు. క్రింద తక్కెడ గిన్నె ఠంగుమంటుంది. ఆటో ఒకటి గొణుగుతూ వెనక్కు పోతుంది. కాసేపటికి మాటలు విడిపోయి వరస మిగిలింది. ఎవరు ఏమి అమ్ముతున్నారో వినబడటం లేదు; అమ్ముతున్నారని వినబడుతున్నది. తల్లి పిలుపులో పేరు వినబడకపోయినా పిల్లవాడు గుర్తుపట్టడా? అట్లాగే.

"నిలబడి నిద్రపోతున్నవా తమ్మీ?" అన్నది అక్కయ్య.

ఇంటికి వచ్చేసరికి కళ్ళంలో పసుపు పని జోరుగా ఉన్నది. పాఠకులలో చాలామంది పసుపును పొడిగానే చూసి ఉంటారు గనుక కాస్త వివరిస్తాను. త్రవ్విన దుంపలను ఆవిరిమీదనో కాగులలోనో గంటసేపు ఉడికిస్తారు. ఉడికినది కళ్ళంలో పది పదిహేను రోజులు ఎండాలి. ఎండిన కొమ్ము నల్లగా, గరుకుగా, చూడటానికి ఏవగింపుగా ఉంటుంది. దానిని చిల్లుల ఇనుప పీపాలో పోసి తిప్పుతారు. కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని, పైపొట్టు ధూళిగా రాలిపోయి, పసుపు తన రంగుకు వస్తుంది. అప్పుడు వేరుచేస్తారు. పొడుగాటి కొమ్ములు కాడి. గుండ్రని తల్లిదుంపలు మండ. విరిగిన ముక్కలు, నలిగినవి చూర. కాడికి మంచి ధర, మండకు దానికి దిగువ, చూరకు దక్కిందే ధర.

బావ పీపా దగ్గర నిలబడి ఉన్నాడు. తల నుంచి పాదం దాకా పసుపు ధూళి, పెండ్లికొడుకులాగా ఉన్నాడు. ముఖం మాత్రం పెండ్లికొడుకుది కాదు. "ధర ఎప్పుడు లేస్తదో, ఎప్పుడు పండుకుంటదో ఎవ్వనికి తెల్వది బామ్మర్దీ" అన్నాడు. 2019 లోక్‌సభ ఎన్నికల సంగతి ఎత్తాడు. పసుపు, ఎర్రజొన్నల గిట్టుబాటు ధర కోసం, పసుపు బోర్డు కోసం ఈ ప్రాంతపు రైతులు 170 మందికి పైగా నిజామాబాదు స్థానానికి నామినేషన్లు వేసి నిలబడ్డారు. మొత్తం పోటీదారులు 185 మంది. దేశమంతా ముక్కున వేలువేసుకుంది. చివరకు 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా మొదలయింది. "అన్నేండ్లు మొత్తుకుంటే ఒక బోర్డు వచ్చింది. గిది చూసి గూడ వాడు గాలిల గిటారు కొడ్తనంటడు. నువ్వన్న చెప్పు" అన్నాడు.

నేను చెప్పడానికే వచ్చాను గదా! కాని అప్పటికే నా చూపు పీపా మీద పడింది. గడియారం పెట్టి లెక్కించాను. నిమిషానికి ముప్ఫై చుట్లు. చుట్టు మొదట్లో కొమ్ములన్నీ పైకి ఎక్కుతూ జరజరమంటాయి. పైనుంచి ఒక్కసారిగా జారి దబ్బుమంటాయి. ఆ వెనుక ఒక చిన్న టక్కు, కొంచెం ఆలస్యంగా, నడకలో కుంటికాలు నేల తాకినట్లు. జర జర, దబ్బు, టక్కు. నిన్న కారులో విన్న అడుగులకు ఇది దగ్గర చుట్టం.

"వాణ్ణి పిలువు బావా. వాడు చేసినదేదో ఒకసారి విందాము. వినకుండా తీర్పు చెబితే పరీక్ష పేపరు చూడకుండా మార్కులు వేసినట్లుంటుంది" అన్నాను.

బావ అవునని అనలేదు, కాదనీ అనలేదు. మోటారు కట్టేసి, రుమాలుతో ముఖం తుడుచుకుంటూ గట్టు మీద కూర్చున్నాడు. మేనల్లుడు డబ్బావంటి స్పీకరు ఒకటి తెచ్చి పసుపు బస్తా మీద పెట్టాడు. చేయి కాస్త వణికింది.

మొదట జర జర, దబ్బు, టక్కు. బావ ఉలిక్కిపడి పీపా వైపు చూశాడు. పీపా ఆగే ఉన్నది. చప్పుడు బస్తా మీది నుంచి వస్తున్నది. నాలుగు చుట్లు అయిన తరువాత దాని క్రింద నాలుగు తీగెల గిటారు మెల్లగా అడుగుపెట్టింది. ఆ టక్కు దగ్గర ఆగుతుంది, దాన్ని ఒరుసుకుని మళ్ళీ నడుస్తుంది. తరువాత ఒక క్లారినెట్. అది వాయించే అబ్బాయి పెండ్లి బ్యాండులో పనిచేస్తాడట. వరస సంతలో నేను ప్రొద్దున విన్న కేకలాగే ఉన్నది. లేత వంకాయ అనలేదు, అంతే తేడా. అక్కయ్య వంటింట్లోంచి వచ్చి చెంబు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఆరు నిమిషాలు. చివరకు వాద్యాలన్నీ ఒక్కొక్కటే తప్పుకుని పీపా ఒక్కటే మిగిలింది. అదీ ఆగింది.

ఎవరూ మాట్లాడలేదు. బావ పసుపు నిండిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. నేను తెలుగు పండితుణ్ణి. ఇటువంటి వేళ చెప్పదగిన మాటలు నా దగ్గర వందైనా ఉండాలి. ఒక్కటీ దొరకలేదు.

చాలాసేపటికి బావ తల ఎత్తాడు. నా వైపు కాదు, అక్కయ్య వైపు కాదు. కొడుకు వైపు చూసి, "ఆ టక్కు టక్కు అనేది ఏందో ఎరుకేనా?" అన్నాడు.

రెండు నెలల తరువాత మొదటి మాట!

"ఏంది బాపూ?"

"ఎడమదిక్కు బేరింగు పోయింది. అందుకనే గట్ల కొట్టుకుంటుంది. రేపు మిస్త్రీ వస్తున్నడు, మారుస్తడు."

మేనల్లుడి ముఖం చిన్నబోయింది. "మారిస్తే ఆ చప్పుడు పోతది బాపూ. ఇది ఫోనుతోని పట్టిందే. స్టూడియోల పెట్టేటందుకు మంచిగ రికార్డు చేయాలె."

బావ లేచి పీపా దగ్గరకు వెళ్ళాడు. ఎడమవైపు ఇరుసు మీద చేయి వేసి, ఏదో జబ్బుపడ్డ ఎద్దును నిమిరినట్లు నిమిరాడు. "ఇరవై ఏండ్ల సంది దీని పక్కన నిలబడ్డ. చెవులు దిమ్మెక్కినయి గని, ఇది పాట అనుకోలే" అన్నాడు తనలో తాను. తరువాత కొడుకుతో, "మిస్త్రీని సోమవారం రమ్మంట. రేపొక్క దినం ఉంటది బేరింగు. నీ దోస్తులను పిలుచుకొని పట్టుకోండ్రి. ఎంత పసుపు పోస్తే మంచిగ మోగుతదో నన్నడుగు, నేను చెప్త. నిండ పోస్తే దబ్బుమనదు" అన్నాడు.

డబ్బు సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర తేలింది. ఈసారి మజ్జిగ చప్పుడు వినబడలేదు. బావ అన్నం కలుపుకుంటూ ఇంటి బడ్జెటు ప్రకటించాడు: "కాడి పైసలు ఇంటికి. మండ పైసలు అప్పుకు. చూర పైసలు ఎంతొస్తే అంత నీ పాటకు. కమ్మివడ్డయి మీ నలుగురు సూసుకోండ్రి. ఇంకొకటి, ఎర్రజొన్న కోత అయ్యేదాక హైదరాబాదు పోయేది లేదు."

చూరకు లక్షా ఇరవై వేలు రావని అక్కడున్న అందరికీ తెలుసు. అందులో నాలుగో వంతు వస్తే గొప్ప. అయినా మేనల్లుడు "సరే బాపూ" అన్నాడు. ఆ ఆల్బం అవుతుందో కాదో, అయినా నలుగురు కొంటారో లేదో నేను చెప్పలేను. షికాగో పుచ్చకాయల బండికి పట్టిన అదృష్టం అంకాపూరు పసుపు పీపాకు పడుతుందని జోస్యం చెప్పే ధైర్యం నాకు లేదు. అక్కయ్య మాత్రం తపాలా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది.

ఆదివారం సాయంత్రం బస్సెక్కేటప్పుడు బావ అడిగాడు: "ఇంతకు నువ్వు వానికి ఏం చెప్పినవు బామ్మర్దీ?"

"ఏమీ చెప్పలేదు బావా" అన్నాను.

"మంచి పని చేసినవు" అన్నాడు.

కరీంనగరు చేరేదాకా కిటికీ ప్రక్కన కూర్చుని మేనల్లుడు నా ఫోనులో వేసి ఇచ్చిన ఆ ఆరు నిమిషాలూ విన్నాను. సోమవారం అధ్యాపకుల గదిలో యథాప్రకారం ప్రశ్న వచ్చింది: "కోడికూర ఏదండీ?" ఫోను బల్ల మీద పెట్టి మీట నొక్కాను. జర జర, దబ్బు, టక్కు. చరిత్ర లెక్చరరుగారు కాసేపు విని, "ఏమిటండీ ఇది?" అన్నారు.

చెప్పబోయి ఆగాను. "మళ్ళీ ఒకసారి వినండి" అన్నాను.